హాల్లో మామగారి టీవీ, గదిలో నా డిక్టేషన్... ఏ హెడ్‌ఫోన్ కొనాలి, అన్నా?

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక చెల్లెలు రాసింది ఈ ఉత్తరం. పేరు వేయొద్దంది, వేయట్లేదు. నాలుగు పేజీలుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు నేనే కుదించి చెప్తా.

ఆమెకి 31 ఏళ్లు. మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ పని చేస్తది, ఇంట్లో నుంచే. అమెరికా డాక్టర్లు గబగబా చెప్పిన డిక్టేషన్ చెవిలో పెట్టుకుని విని టైప్ చేయాలి, లైనుకి ఇంత అని లెక్క, తప్పులు దొర్లితే కోత. సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు, అంటే సరిగ్గా ఇంట్లో అందరూ మేలుకుని ఉండే టైము. రెండు గదులు, మధ్యలో హాలు. హాల్లో మామగారు, 72 ఏళ్లు, టీవీ సౌండు బాగా పెంచి వార్తలు చూస్తారు, ఆ తర్వాత అత్తగారి సీరియళ్లు. గోడకి అవతల పక్కింటోళ్లు దోసె పిండి అమ్ముతారు, వాళ్ల గ్రైండరు రాత్రి తొమ్మిది దాకా తిరుగుతానే ఉంటది. రైలు కట్ట దగ్గరే, గంటకి రెండు మూడు బండ్లు పోతాయి. నెత్తి మీద ఫ్యాను, ఎండాకాలం కూలరు, వంటింట్లో కుక్కరు, మిక్సీ, వీటన్నిటి మధ్యలో నాలుగేళ్ల పాప.

"పోయినేడు రెండు వేలు పెట్టి నాయిస్ క్యాన్సిలింగ్ అని రాసుంటే కొన్నా అన్నా. పెట్టుకోంగానే ఫ్యాను సౌండు మాయమైంది, అబ్బ ఎంత బాగుందో అనుకున్నా, కానీ టీవీలో మాటలు ముందుకంటే స్పష్టంగా వినపడతా ఉండాయి. ఇంక చేసేది లేక వాల్యూమ్ పూర్తిగా పెట్టేస్తన్నా. పోయిన నెల హైడ్రాలజిన్ అని డాక్టర్ చెప్తే నేను హైడ్రాక్సిజిన్ అని కొట్టా. ఒకటి బీపీ మందు, ఇంకోటి దురదకిచ్చే మందు. క్వాలిటీ వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలా."

ఇంకా రాసింది. కళ్లద్దాలున్నాయి, గంట దాటితే చెవుల వెనక నొప్పి. పడుకునేటప్పుడు చెవుల్లో గుయ్‌మని హోరు, పొద్దున లేచేసరికి ఉండదు. మీటింగులో మాట్లాడేటప్పుడు సౌండు ఉన్నట్టుండి ముతకగా అయిపోతదంట. వాళ్లత్త ఊరి నుంచి వచ్చిన చుట్టాల ముందు "చెవులకి ఆ డొప్పలు పెట్టుకుంటే ఇల్లు తగలబడినా తెలీదు దీనికి" అందంట, ఆ మాట బాగా గుచ్చుకున్నట్టుంది, ఉత్తరంలో రెండు సార్లు రాసింది. భర్త ట్రంకు రోడ్డులో షాపులో పని చేసి రాత్రి తొమ్మిదిన్నరకి వస్తాడు. చేతిలో ఎనిమిది వేలున్నాయి, చెవులు మొత్తం మూసే పెద్ద హెడ్‌ఫోన్ ఏది కొనమంటారు, ఒక్క పేరు చెప్పండి అని అడిగింది.

చెల్లెమ్మా, ఒక్క పేరు చెప్పడం ఎంతసేపు. కానీ నీ ఉత్తరంలో నన్ను ఆపింది హెడ్‌ఫోన్ సంగతి కాదు, ఆ గుయ్‌మనే హోరు. నువ్వు దాన్ని ఒక్క లైన్లో రాసి పక్కకి పోయినావు, నేను అక్కడే ఆగిపోయా.

నేను కావలిలో మైక్ సెట్ షాపులో పని నేర్చుకున్న మనిషిని. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకి, తిరణాళ్లకి బాక్సులు కట్టా, యాంప్లిఫయర్ పక్కనే కూర్చుని అన్నం తిన్నా, అక్కడే నిద్రపోయినా. నాకూ మొదట్లో ఇట్టానే రాత్రిళ్లు హోరు ఉండేది, పొద్దునకి పోయేది, పోయింది కదా అని వదిలేశా. ఇప్పుడు నా ఎడమ చెవికి పిచ్చుకల అరుపు వినపడదు. లోపల చెవిలో శబ్దాన్ని పట్టే సన్న వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, చెవికి దాదాపు 15 వేలు, అవి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. పొద్దునకి హోరు తగ్గిందంటే చెవి బాగుందని కాదమ్మా, దెబ్బ తిని కోలుకుంటా ఉందని, రోజూ అదే దెబ్బ తగిలితే ఒకరోజుకి కోలుకోవడం మానేస్తది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ఏందంటే, పెద్దోళ్లు 80 డెసిబెల్ (సౌండు ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) సౌండు వారానికి 40 గంటలు వినొచ్చు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌కీ టైము సగం అవుద్ది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి వచ్చేసరికి వారానికి 5 గంటలే. నువ్వు రోజుకి నాలుగున్నర గంటలు వింటున్నావు, ఫుల్ వాల్యూమ్‌లో. వారం కోటా ఒక్క రాత్రిలో అయిపోతా ఉండొచ్చు.

అందుకని ఈ హెడ్‌ఫోన్ దేనికోసం కొంటున్నావో ముందు మనసులో పెట్టుకో. బయట శబ్దాన్ని ఆపి, నీ వాల్యూమ్ తగ్గించుకోడానికి కొంటున్నావు. సౌండు బాగా ఎక్కువ ఇచ్చేది, బేస్ దద్దరిల్లేది, షాపోడు మురిపెంగా చూపించేది నీకు పనికిరాదు.

కొనే ముందు ఒక చిన్న పని చెయ్. రేపు పొద్దున ఐదింటికి, పాలోళ్లు కూడా రాకముందు లేచి, ఇప్పుడున్న హెడ్‌ఫోనే పెట్టుకుని ఒక పాత డిక్టేషన్ ఫైల్ పెట్టు. ఆ నిశ్శబ్దంలో మాట మాట తెలిసేంత వాల్యూమ్ దగ్గర ఆపి, లాప్‌టాప్ చూపించే నంబరు కాగితం మీద రాసుకో. అదే ఫైలు సాయంత్రం ఏడున్నరకి, టీవీ, గ్రైండరు, అన్నీ ఉన్నప్పుడు విని, ఆ నంబరు కూడా పక్కనే రాసుకో. పొద్దున 30, సాయంత్రం 95 వచ్చిందనుకో, ఆ మధ్యలో ఉన్నదంతా మీ ఇంటి గోల, నీ చెవులు కడతా ఉన్న అప్పు అది. కొత్తది ఏది కొన్నా సాయంత్రం నంబరు పొద్దున నంబరు వైపు ఎంత దిగిందో చూసుకో, దిగకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా తిరిగిచ్చెయ్.

ఇప్పుడు నీ రెండు వేల హెడ్‌ఫోన్ ఎందుకు అట్టా చేసిందో చెప్తా, అది అర్థమైతే సగం చిక్కు విడిపోద్ది. నీ ఇంట్లో శబ్దాలు రెండు రకాలు. ఫ్యాను, కూలరు, గ్రైండరు, దూరంగా పోయే రైలు, ఇవి ఒకే తీరుగా లావుగా గుమ్మని మోగే శబ్దాలు. టీవీలో మాటలు, కుక్కరు విజిలు, పాప కేక, గిన్నె కింద పడితే ఖంగుమనడం, ఇవి సన్నగా, క్షణానికోరకంగా మారిపోయేవి. నాయిస్ క్యాన్సిలింగ్ అనేది మొదటి రకానికి మందు. బయట మైకు ఒకటి ఆ గుమ్మనే శబ్దాన్ని విని దానికి సరిగ్గా ఎదురు శబ్దాన్ని లోపల పుట్టిస్తది, రెండూ కొట్టేసుకుంటాయి. నెమ్మదిగా, ఒకే తీరుగా ఊగే అలని అయితే సరిగ్గా కొట్టగలదు, సన్నగా గబగబా మారేదాన్ని అందుకోలేదు. ఇట్టాంటి హెడ్‌ఫోన్ జనంలోకి రావడానికి దారి పడిందే విమానంలో. అమర్ బోస్ అని అమెరికాలో ఎమ్ఐటీ అనే యూనివర్సిటీలో ప్రొఫెసరు, ఆయన నాన్న బెంగాల్ నుంచి పోయినాయన, 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ పోతా విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజను హోరుకి ఏమీ వినపడలేదంట, దిగేలోపల కాగితం మీద లెక్కలు వేసుకున్నాడు. ఆ పని నడిచి నడిచి 1989కి పైలట్లకి, 2000లో మామూలు జనానికి వచ్చింది. ఇంజను హోరు కోసం తయారైన పనిముట్టుని తీసుకొచ్చి సీరియల్లో అత్త అరుపుల మీద పెడితే అది ఏం చేయగలదు? పైగా ఇన్నాళ్లూ ఆ ఫ్యాను, గ్రైండరు హోరు టీవీ మాటల్ని కొంచెం కప్పి ఉంచింది. ఆ హోరు తీసేశాక మాటలు బట్టబయలైనాయి. నువ్వు మోసపోలేదు, నీ చెవులు కూడా నీకు అబద్ధం చెప్పలేదు.

మాటల్ని ఆపేది ఒక్కటే, అడ్డం. చెవి చుట్టూ సందు లేకుండా గట్టిగా కూర్చునే మెత్త, దాని వెనక మూసి ఉన్న గిన్నె. హెడ్‌ఫోన్లలో వెనక జాలీ ఉండే రకం ఒకటి ఉంటది, ఓపెన్ బ్యాక్ అంటారు, సంగీతం వినే వాళ్లు దాన్ని ఆకాశానికెత్తుతారు, నిజంగానే బాగుంటది, కానీ నువ్వు దాని జోలికి పోవద్దు, బయట సౌండంతా తిన్నగా లోపలికొస్తది. నీకు కావాల్సింది క్లోజ్డ్ బ్యాక్, అదీ వైరుది. రికార్డింగ్ స్టూడియోల్లో పాడేవాళ్లు పెట్టుకునే రకం. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో అని ఉంది, కంపెనీ లెక్కలో బయట శబ్దం 32 డెసిబెల్ దాకా ఆపుద్ది, అది అన్ని శబ్దాలకీ సమానంగా కాదు, సన్న శబ్దాల్ని బాగా, లావు శబ్దాల్ని తక్కువ. అంటే నీ టీవీ మాటలకి సరిగ్గా సరిపోయేది. దాని లోపం ఏందంటే తలని గట్టిగా పట్టుకుంటది, ఆ పట్టు వల్లే శబ్దం ఆగుద్ది, ఆ పట్టు వల్లే నొప్పి కూడా పుడద్ది. ఆడియో టెక్నికాలో ఎమ్20ఎక్స్, ఎమ్40ఎక్స్ ఉన్నాయి, పట్టు కొంచెం తక్కువ, శబ్దం ఆపడం కూడా కొంచెం తక్కువ. 20కి వైరు ఊడదు, 40కి ఊడుద్ది, నాలుగేళ్ల పాప ఉన్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు, వైరు లాగి తెంపితే కొత్త వైరు ఒక్కటే కొనుక్కోవచ్చు. సోనీ ఎమ్‌డీఆర్ 7506 అని 1991 నుంచి వస్తానే ఉంది, మాట చాలా విడివిడిగా, తేటగా వినపడద్ది, స, ష, త, క తేడాలు తెలవాల్సిన నీ పనికి అది ఒక వరం, అయితే శబ్దం ఆపడంలో 280 అంత కాదు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో కూడా మంచిదే, మెత్తలు మఖమల్ గుడ్డవి, చెమటకి హాయి. కానీ నీ డబ్బులకి అందడం కష్టం, కొన్నా 250 ఓమ్ అని రాసింది కొనొద్దు, లాప్‌టాప్‌కి పెడితే సౌండు చాలకపోవచ్చు. ధరలు నేను రాయను, పండగ ఆఫర్లలో ఒకటుంటది, మర్నాటికి ఇంకోటి.

ఏది కొన్నా చెవి మీద సందు లేకుండా కూర్చోవాలి, లేకపోతే డబ్బులన్నీ ఆ సందులోంచి పోయినట్టే. పెట్టుకున్నాక రెండు చేతులతో గిన్నెల్ని మెల్లగా లోపలికి ఒత్తి చూడు. ఒత్తినప్పుడు పాటలో లావు గొంతు పెరిగి, బయట టీవీ తగ్గిందంటే మామూలుగా ఉన్నప్పుడు ఎక్కడో సందుందని లెక్క. నీ విషయంలో ఆ సందు కళ్లద్దాల కాడ దగ్గర. కాడ మెత్తని కొంచెం పైకి లేపుద్ది, ఆ గీతంత సందు చాలు. పల్చటి రేకులాంటి కాడలుండే ఫ్రేము ఒకటి పని కోసం విడిగా పెట్టుకో, లావు ప్లాస్టిక్ కాడలు వద్దు. చెవుల వెనక నొప్పి కూడా మెత్తకీ ఎముకకీ మధ్య ఆ కాడ నలగడం వల్లే అయ్యుండొచ్చు.

ఇంకో సంగతి మగాళ్లు రాసే రివ్యూల్లో యాడా ఉండదు. కమ్మలు. బుట్టకమ్మలు పెట్టుకుని పైన ఈ హెడ్‌ఫోన్ పెడితే తమ్మె నలిగి గంటకల్లా మంట పుడద్ది, మెత్త కూడా అక్కడ ఉబ్బి సందొస్తది. దుద్దులైనా సరే వెనక మర పొడవుగా ఉంటే మెడ పక్కన గుచ్చుకుంటది. మా ఆవిడ రికార్డింగ్ పనికొచ్చినప్పుడు ఎర్రగా కందిపోయిన తమ్మెలు చూసి నేను కనిపెట్టా ఈ సంగతి, అంతకు ముందు నాకూ తెలీదు. షిఫ్టుకి కూర్చునే ముందు కమ్మలు తీసి టేబుల్ మీద ఒక చిన్న డబ్బాలో పెట్టు, పని అయ్యాక పెట్టుకో. బోసి చెవులతో ఉండకూడదని అత్తగారు అంటారనుకుంటే చిన్న చదును దుద్దులు చాలు. జడ కూడా గిన్నె కింద పడకుండా వెనక్కి ఉండాలి.

ఉక్కపోత సంగతి నీకు నేను చెప్పక్కర్లా, రోహిణి కార్తెలో నెల్లూర్లో చెవులు మూసుకుని నాలుగు గంటలు కూర్చోడం అంటే మాటలు కాదు. తోలులా కనిపించే ఆ మెత్తలు చెమటకి రెండేళ్లలో పొట్టు లేస్తాయి, నల్ల పొరలు చెవులకి అంటుకుంటాయి. విడిగా మెత్తలు దొరికే మోడలే కొను, పైన చెప్పినవాటికి దొరుకుతాయి. గంటకోసారి పది నిమిషాలు తీసేసి పొడి నూలుగుడ్డతో తుడువు, శానిటైజర్‌తో తుడిస్తే తొందరగా పగులుద్ది. ఆ పది నిమిషాలు చెవి లోపలికి కూడా విశ్రాంతి.

బ్లూటూత్‌ది, మంచి నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నదే కావాలనిపిస్తే అది కూడా తప్పు దారేమీ కాదు, కానీ ఏం వస్తదో ఏం పోద్దో తెలుసుకుని కొను. సోనీ డబ్ల్యూహెచ్ సీహెచ్720ఎన్ 192 గ్రాములే, తల మీద ఉన్నట్టే ఉండదు, నొప్పి తక్కువ, గ్రైండరు, కూలరు, రైలు బాగా తగ్గిస్తది. టీవీ మాటల దగ్గర మాత్రం వైరు స్టూడియో రకం ముందు తేలిపోద్ది. దాని మైకుల మీదకి ఫ్యాను గాలి తిన్నగా కొడితే లోపల బుస్‌మని కొత్త శబ్దం పుడద్ది, కుర్చీ పక్కకి జరుపుకోవాల్సొస్తది. ఇంకోటి, మీటింగులో మాట్లాడేటప్పుడు సౌండు ఉన్నట్టుండి పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా ముతకగా అయిపోతందని రాశావు కదా, అది హెడ్‌ఫోన్ చెడిపోయి కాదు. బ్లూటూత్‌లో దాని మైకు వాడటం మొదలుపెట్టంగానే వినే సౌండు కాల్ క్వాలిటీకి దిగిపోద్ది. సెట్టింగ్స్‌లో మైకుగా లాప్‌టాప్ మైకుని ఎంచుకో, ఆ ఇబ్బంది పోద్ది. ఈ ఒక్క చిక్కు కోసం ఎంతమంది మంచి హెడ్‌ఫోన్లు తిరిగిచ్చారో.

డబ్బులు తక్కువలో పోవాలంటే మూడో దారి ఒకటుంది, అందంగా ఉండదు గానీ అన్నిటికంటే గట్టిది. చెవిలోకి దూరే మామూలు వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని, దాని మీద ఫ్యాక్టరీ వాళ్లు శబ్దం ఆపుకోడానికి చెవుల మీద పెట్టుకునే ఇయర్ మఫ్ వేసుకోడం. చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లలో పెట్టుకునేవి, సేఫ్టీ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. మా బంధువొకాయన అక్కడ పాలిషింగులో పదిహేనేళ్లు చేశాడు, ఇచ్చిన మఫ్ మేకుకి తగిలించి చెవులు బయటపెట్టుకుని చేశాడు, ఇప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడినా పెదాల వైపు చూస్తాడు. అందుకే అది చవకది, మోటుది అని తీసిపారేయొద్దు. కానీ ఇయర్‌ఫోన్ గంటలకొద్దీ చెవి లోపల ఉంటే కొంతమందికి దురద, నొప్పి వస్తాయి, నువ్వేమో పెద్దదే కావాలని అడిగావు, అందుకని ఇది మొదటి మాటగా చెప్పట్లేదు.

గది గురించి రెండు ముక్కలు. శబ్దం నీళ్లలాంటిది, సందు దొరికితే చాలు వచ్చేస్తది. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, తలుపు పైన వెంటిలేటరు ఉంటే దానికి ఒక అట్ట, ఇవి కర్టెన్ల కంటే ఎక్కువ పని చేస్తాయి. కర్టెను గదిలో మారుమోత తగ్గిస్తది గానీ టీవీని ఆపదు. బట్టలు నిండుగా ఉన్న బీరువా హాలు వైపు గోడకి జరిపి, నీ టేబులు అవతల గోడకి మార్చుకో.

ఇప్పుడు మామగారి దగ్గరికి వస్తా, నా లెక్కలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. టీవీ అంత సౌండు పెడుతున్నారంటే ఆయనకి గోల ఇష్టమని కాదు, వినపడటం లేదని. వయసుతో ముందు పోయేది సన్న శబ్దాలే, స, ష, త, ప లాంటి హల్లులు. అచ్చులు వినపడతా ఉంటాయి. అందుకే పెద్దోళ్లు "శబ్దం వినపడతా ఉంది, ఏమంటున్నాడో తెలీట్లా" అంటారు. అది కప్పుకోడానికి సౌండు పెంచుతారు, పెంచినా ఆ హల్లులు సరిగ్గా రావు, ఇంకా పెంచుతారు. నువ్వు గదిలో కూర్చుని హల్లుల కోసం ఎంత అవస్థ పడుతున్నావో ఆయన హాల్లో అదే అవస్థ పడుతున్నారు, ఇది రాస్తా ఉంటే నాకే గొంతు పట్టేసినట్టయింది. ఒకసారి సర్కారు పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనో దగ్గర్లో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరో చూపించండి. చాలామందికి గుబిలి గట్టిపడి చెవి మూసుకుపోయి ఉంటది, తీసేస్తే ఆ రోజే తేడా తెలుస్తది. గుబిలి కాదంటే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీసి చెవి మిషను పెట్టుకోవాలో లేదో చెప్తారు. అదే రోజు నీ చెవులు కూడా చూపించుకో, ఆ హోరు సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పు.

ఇది నువ్వు చెప్తే తేడాగా పోవచ్చు, "నా టీవీ మీద పడింది కోడలు" అనుకుంటారు. మీ ఆయన చేత చెప్పించు, అదీ టీవీ మాట ఎత్తకుండా, "నాయనా, ఫోన్లో నేను మాట్లాడేది సరిగా అందట్లేదు నీకు, ఒకసారి చూపిద్దాం" అని. డాక్టరు దగ్గరికి వెంటనే రానంటే, అప్పటిదాకా ఆయన కుర్చీ పక్కన, చెవికి రెండడుగుల దూరంలో, చిన్న స్పీకరు పెట్టి టీవీకి కలపండి. దూరం సగమైన ప్రతిసారీ చెవికందే సౌండు దాదాపు 6 డెసిబెల్ పెరుగుద్ది, గదిలో గోడల వల్ల కొంచెం తక్కువ అనుకో, అయినా పదడుగుల అవతల టీవీకి, రెండడుగుల్లో స్పీకరుకి చాలా తేడా. ఆయనకి బాగా వినపడద్ది, నీ గదిలోకి వచ్చేది తగ్గుద్ది. ఆయన ఒప్పుకుంటే టీవీకి ఒక హెడ్‌ఫోనే పెట్టొచ్చు, కానీ అత్తగారు పక్కన కూర్చుని కలిసి చూస్తారు కదా, ఆమెకి సౌండు లేకుండా పోద్ది, ఇద్దరి మధ్య ఆ కాస్త ముచ్చటా పోద్ది. అందుకే నాకు స్పీకరే ఇష్టం.

అత్తగారి మాట గురించి. గుచ్చుకుంది, నాకు తెలుసు. కానీ ఆ మాటలో ఒక భయం కూడా ఉంది, పాపకి ఏమన్నా అయితే నీకు వినపడదని. ఆ భయానికి జవాబు నువ్వు ముందే చెప్పెయ్. "అత్తా, ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పాప నీ దగ్గర, ఏమన్నా అయితే పిలవొద్దు, వచ్చి భుజం తట్టు, లేదా ఫోన్ చెయ్, స్క్రీన్ మీద కనపడద్ది" అని. టేబులు తలుపుకి ఎదురుగా ఉంటే వచ్చేవాళ్లు నీకు కనపడతారు, వెనక్కి తిరిగి కూర్చుంటేనే వాళ్లకి నువ్వు ఇంట్లో లేనట్టుంటది. పొయ్యి మీద కుక్కరు పెట్టి హెడ్‌ఫోన్ మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు, విజిళ్లు లెక్కపెట్టేది ఆమెకి అప్పజెప్పు. ఇంకొకటి, రైలు కట్ట పక్కనే ఇల్లన్నావు, పట్టాలు దాటేటప్పుడు కానీ ఆ పక్కన నడిచేటప్పుడు కానీ చెవుల్లో ఏదీ ఉండకూడదు, పాట కూడా వద్దు, చిన్నదైనా వద్దు.

నేనైతే ఎనిమిది వేలనీ ఒకే వస్తువు మీద పెట్టను. ముందు రెండు నంబర్ల పరీక్ష, అదే వారంలో చెవుల పరీక్ష ఇద్దరికీ, తలుపు కింద రబ్బరు, మామగారి పక్కన స్పీకరు. ఇవి చేశాక టీవీ ఎంత తగ్గిందో చూసి, మిగిలిన డబ్బుతో వైరు క్లోజ్డ్ రకం కొంటా. తల పట్టు ఓర్చుకోగలిగితే 280 ప్రో, ఓర్చుకోలేకపోతే ఎమ్40ఎక్స్. టీవీ బాగా తగ్గిపోయి గ్రైండరు ఒక్కటే మిగిలితే అప్పుడు సీహెచ్720ఎన్ వైపు పో. ఇవన్నీ ఆగి చేసే ఓపిక లేదు, రేపే కావాలి అంటే అదీ అర్థం చేసుకోగలను, కోత పడేది నీ జీతంలో కదా, అట్టాగైతే వైరుదే కొను, వెనక్కిచ్చే గడువున్న చోట కొను, అట్టపెట్టె పారేయకు, కళ్లద్దాలతో సహా పెట్టుకుని మొదటి రెండు రోజుల్లోనే పూర్తి షిఫ్టు చేసి చూడు. పది నిమిషాలు షాపులో పెట్టుకుంటే అన్నీ హాయిగానే ఉంటాయి, తేడా రెండో గంటలో తెలుస్తది.

మళ్లీ రాసేటప్పుడు ఆ రెండు నంబర్లు రాయి, మామగారి చెవిలో ఏం తేలిందో కూడా రాయి.